ఖాళీ గళ్ళు

కందిరీగకు బావంటే మొదటి నుంచీ పడదు. అక్క పెళ్ళైన మూడో రోజున, అప్పుడే కాలేజీలో చేరబోతున్న మరదలి లెక్కల పుస్తకం తీసి రెండు పేజీలు తిరగేసి, "ఇవన్నీ బట్టీ చదువులమ్మా, అసలు పని వేరే ఉంటుంది" అన్నాడాయన. అన్నవాడు ఊరుకోకుండా పెన్ను తీసి ఒక లెక్క చేసి చూపించాడు. తప్పు చేశాడు. ఆ పేజీ ఆమె చాలా ఏళ్ళు దాచుకుంది.

కందిరీగ అన్నది ఇంట్లో పెట్టిన పేరు. ఆఫీసులోనూ అదే స్థిరపడింది, ఎందుకంటే తిరిగి తిరిగి ఆమెకు ఉద్యోగం వచ్చింది బావ పనిచేసే ఆఫీసులోనే. పరీక్ష రాసి, ముగ్గురిని దాటి, సొంతంగా తెచ్చుకున్న ఉద్యోగం. అయినా మొదటి రోజున బావ నలుగురిలో నిలబడి, "మా మరదలు. కందిరీగ అంటాం. నేనే రమ్మన్నాను" అని పరిచయం చేశాడు. ఆయన రమ్మనలేదు. కనీసం దారి కూడా చెప్పలేదు.

ఆ ఆఫీసు ఒక నీటి పరీక్షల లాబ్. మూడంతస్తులు. కింద కౌంటరు దగ్గర జనం బోరు నీళ్ళో బావి నీళ్ళో సీసాల్లో పట్టి తెచ్చి ఇస్తారు. మధ్య అంతస్తులో కెమిస్టులు పరీక్షించి, దేనిలో ఎంత సీసం ఉంది, ఎంత అల్యూమినియం ఉంది అని కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. నీళ్ళు తెచ్చినవాళ్ళు ఇంటి నుంచే వెబ్‌సైటులో తమ నంబరు కొట్టి రిపోర్టు చూసుకోవచ్చు. పై అంతస్తులో ఆ వెబ్‌సైటును కనిపెట్టుకుని ఉండేవాళ్ళు కూర్చుంటారు. పదమూడేళ్ళ కిందట దాన్ని ఒంటిచేత్తో రాసింది బావే. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు, ఎవర్నీ మరిచిపోనివ్వలేదు. ఇప్పుడాయనకు సలహాదారు అని కొత్త హోదా, కిటికీ ఉన్న గది ఇచ్చారు. సైటును కొత్తగా రాసే పని కందిరీగ మీద పెట్టారు.

ఆమె మొదటి వారంలోనే రిపోర్టు పేజీని తయారుచేసే ఫైలు తెరిచింది. తెరిచి, కాసేపు కుర్చీలో వెనక్కి వాలి, ఆనందంగా నవ్వుకుంది.

మనం బ్రౌజరులో చూసే పేజీ వెనక హెచ్‌టీఎంఎల్ అనే రాత ఉంటుంది. ఇక్కడ పట్టిక మొదలు, ఇక్కడ గడి, ఇక్కడితో గడి అయిపోయింది అని బ్రౌజరుకు గుర్తులతో చెప్పే రాత. ఒక్కొక్కరి రిపోర్టూ వేరు కాబట్టి సర్వరు మీద ఉన్న ప్రోగ్రాం ఎవరు అడిగితే వాళ్ళకు అప్పటికప్పుడు ఆ రాతను తయారుచేసి పంపాలి. పంపడానికి దారులు నాలుగైదున్నాయి. బావ పట్టుకున్నది వాటిలో తాతల నాటిది. ప్రతి లైను ముందూ ప్రింట్ అని రాయడం, ఆ లైనును కొటేషన్లలో బిగించడం, బయటికి తోయడం. అలాంటివి నాలుగు వేల పై చిలుకు లైన్లు. కొటేషన్ లోపల ఇంకో కొటేషన్ వస్తే దాని ముందు వెనక్కి వాలిన గీత ఒకటి పెట్టాలి. ఆ గీతలు ఎంత దట్టంగా ఉన్నాయంటే, ఫైలును దూరం నుంచి చూస్తే ఎవరో ముళ్ళకంచె వేసినట్టుంది. ఎక్కడైనా ఒక్క కొటేషన్ జారిందా, పేజీ మొత్తం తెల్లమొహం వేస్తుంది.

ఆమె చేతి కింద ఇద్దరు కొత్త ప్రోగ్రామర్లున్నారు. ఒకడు సన్నగా, ఒకడు లావుగా ఉండేవాళ్ళు. ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి స్క్రీను మీద పెన్నుతో పొడిచి చూపించింది.

"దీన్ని పేజీ రాయడం అనరు, పేజీ కక్కడం అంటారు. దీనికన్నా కాస్త నయమైనవాళ్ళు మొత్తం పేజీని ఒకే పెద్ద మూటగా కట్టి ఒకేసారి ప్రింట్ కొడతారు. ఇంకాస్త తెలిసినవాళ్ళు పేజీని పేజీలాగే రాసుకుని మధ్య మధ్య కోడు ముక్కలు గుచ్చుతారు. బుద్ధున్నవాళ్ళు టెంప్లేటు వాడతారు. పేజీ ఒక చోట విడిగా ఉంటుంది, దాంట్లో ఖాళీలుంటాయి, ఏ ఖాళీలో ఏది పడాలో ప్రోగ్రాం చెప్తుంది. ఎవరి పని వాళ్ళది."

"మరి సార్ పదమూడేళ్ళుగా ఇలాగే నడిపారుగా" అన్నాడు సన్నటివాడు.

"గానుగెద్దూ పదమూడేళ్ళు నడుస్తుంది" అంది కందిరీగ. "ఎంత దూరం వెళ్ళిందో అడుగు."

మధ్యాహ్నం భోజనాల గదిలో ఆ ఫైలే వినోదం. ఆమె కొన్ని లైన్లు కాగితం మీద అచ్చువేసి తెచ్చి, డబ్బా మూత తీస్తూ చదివేది. ఒకరోజు ఫైలు మధ్యలో విచిత్రమైన ముక్క దొరికింది. మిగతా ముళ్ళకంచెలా కాకుండా అక్కడ మూడు లైన్లు గీసినట్టు తిన్నగా ఉన్నాయి. వాటి పైన ఒక హెచ్చరిక. ఆమె దాన్ని "చెప్పులు బయట విడువవలెను" అన్న బోర్డు చదివినట్టు రాగం తీసి చదివింది.

"ఈ మూడు లైన్ల వరస మార్చవద్దు. ముందు & గుర్తు. తర్వాత < గుర్తు. ఆ తర్వాత > గుర్తు. వరస మార్చినచో రిపోర్టు పాడగును."

లావుగా ఉన్నవాడికి నవ్వుతో పొరబోయింది. "పాడగును" అని ఇద్దరూ సాయంత్రం దాకా ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. పక్క బల్ల దగ్గర కింది కౌంటరులో పనిచేసే సీసాలావిడ ఒక్కతే కూర్చుని తింటోంది. యాభై దాటిన మనిషి. నీళ్ళు తీసుకుని, సీసాకు నంబరు అంటించి, రిజిస్టరులో రాయడం ఆవిడ పని. పై అంతస్తువాళ్ళు ఆవిడతో మాట్లాడగా ఎవరూ చూడలేదు. ఆవిడ ఒకసారి తలెత్తి కందిరీగ చేతిలో కాగితం వైపు చూసి, డబ్బా మూతపెట్టి లేచి వెళ్ళిపోయింది. డబ్బాలో సగం తిండి అలాగే ఉంది. కందిరీగ అది చూసింది గాని పట్టించుకోలేదు.

ఆ ఆదివారం అక్క ఇంట్లో బావ అడిగాడు. "నా ఫైలు చదివి నవ్వుతున్నారట."

"నవ్వొచ్చేలా రాశారు కదా బావా."

"నా పేజీ పదమూడేళ్ళు నిలబడింది. నువ్వు రాసేది పదమూడు నెలలు నిలబెట్టు, చూస్తాను."

"మీ పేజీ నిలబడలేదు. పడిపోకుండా జనం చుట్టూ పట్టుకున్నారు."

అక్క మంచినీళ్ళ గ్లాసులు బల్ల మీద గట్టిగా పెట్టింది. "ఇద్దరూ తినండి. చల్లారిపోతోంది" అంది. ఆ ఇంట్లో అక్కకు ఇలాంటి మధ్యవర్తిత్వం పెళ్ళైన మూడో రోజు నుంచీ అలవాటే.

రెండు నెలల్లో కొత్త సైటు తయారైంది. కందిరీగ పనిని తక్కువ చేయడానికి లేదు. నాలుగు వేల లైన్ల కంచె స్థానంలో మూడు వందల లైన్ల టెంప్లేటు వచ్చింది. కళ్ళకద్దుకునేలా ఉంది. ఫోనులో కూడా చక్కగా కనబడుతుంది. ఆ మూడు లైన్లను ఆమె తీసి పారేసింది. అందులో తప్పేం లేదు, ఎందుకంటే టెంప్లేటుకు తనంతట తానే ఆ పని చేసే గుణం ఉంది. ఖాళీలో పడే మాటలో < లాంటి గుర్తులుంటే, బ్రౌజరు వాటిని పేజీ రాత అనుకోకుండా ఉండేందుకు టెంప్లేటే ముందుగా మారుపేర్లలోకి మార్చేస్తుంది.

చిక్కు వేరే చోట వచ్చింది. గురువారం నాడు, సోమవారం విడుదల అనగా, రిమార్కుల గడిలో చెత్త కనబడింది. పూర్వం బావ కెమిస్టులకు ఒక చిట్కా నేర్పాడు. "తాగరాదు" లాంటి మాట లావు అక్షరాల్లో రావాలంటే దాని ముందూ వెనకా గుర్తులు మీరే కొట్టేయండి అన్నాడు. వాళ్ళు పదమూడేళ్ళుగా కొడుతూనే ఉన్నారు. టెంప్లేటు ఆ గుర్తుల్ని కూడా మారుపేర్లలోకి మార్చి, అక్షరాలుగా పేజీ మీద పరిచేసింది. బావ చిట్కాను తిట్టుకుంటూ కందిరీగ పట్టిక మొత్తానికీ ఒకే ఒక మాట చేర్చింది. లోపలిది ఏదైనా ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు పంపు అని. రిమార్కుల గడికి విడిగా చేయాలంటే పూట పడుతుంది. తర్వాత చూద్దాంలే అనుకుంది. పరీక్ష కోసం పెట్టుకున్న నమూనా రిపోర్టులన్నిట్లోనూ అంకెలే ఉన్నాయి కాబట్టి అంతా బాగానే కనిపించింది.

సోమవారం డైరెక్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆయన రిటైరవడానికి దగ్గరపడ్డ కెమిస్టు, కంప్యూటర్ల సంగతి తెలియదని దాచుకోని మనిషి. బావ చప్పట్లు కొట్టాడు, రెండు వేళ్ళతో.

నాలుగో రోజున కింది నుంచి ఒక చీటీ వచ్చింది. రిజిస్టరు కాగితం చింపి, గుండ్రటి అక్షరాలతో రాసిన చీటీ. "కొత్త రిపోర్టులో కొన్ని గళ్ళు ఖాళీగా వస్తున్నవి. చూడగలరు. కౌంటరు." కందిరీగ తన కంప్యూటర్లో రెండు రిపోర్టులు తెరిచింది. రెండూ బాగున్నాయి. చీటీ వెనక "మీ బ్రౌజరు పాతది, కొత్తది వేయించుకోండి" అని రాసి పంపించేసింది. నాలుగు రోజులకు రెండో చీటీ వచ్చింది. ఈసారి మూడు రిపోర్టు నంబర్లు కూడా రాసి ఉన్నాయి. కందిరీగ ఆ నంబర్లు కొట్టి చూడలేదు. చీటీ మీద కాఫీ కప్పు పెట్టుకుంది. సీసాలకు నంబర్లు అంటించే మనిషి తనకు పేజీలు నేర్పేదేమిటి అనుకుంది. పోనీ అలా మనసులో అనుకుని ఊరుకుందా అంటే అదీ లేదు. సన్నటివాడితో అంది కూడా.

పదకొండో రోజు ఉదయం ఫోను మోగింది. ఊరి చివర ఉన్న డయాలసిస్ కేంద్రం నుంచి హెడ్ నర్సు.

"మా నీళ్ళ రిపోర్టులో అల్యూమినియం గడి ఖాళీగా ఉంది. సీసం గడీ ఖాళీయే. మీరు పరీక్ష చేశారా లేదా?"

"చేయకుండా రిపోర్టు ఇవ్వరు కదండీ."

"చేస్తే ఫలితం ఉండాలి కదా. ఫలితం లేని నీళ్ళు మిషన్లకు ఎక్కించడానికి మాకు వీల్లేదు. నిన్నటి నుంచి ఆపేశాం. పందొమ్మిది మందిని పక్క ఊరికి పంపించాను. అక్కడ వాళ్ళకే కుర్చీలు చాలవు."

కందిరీగ రిపోర్టు తెరిచింది. నిజంగానే ఖాళీ. ఈసారి పేజీ మూలం తెరిచి, వెనకున్న రాతను చూసింది. అక్కడ ఫలితం ఉంది. <LOD అని ఉంది. అంటే యంత్రం పట్టగలిగిన హద్దు కన్నా తక్కువ. నీళ్ళల్లో ఆ లోహం లేదన్నట్టే. అన్నిటికన్నా మంచి ఫలితం అది. కానీ ఆ మాట < గుర్తుతో మొదలవుతుంది. ఆమె ఉన్నదున్నట్టు పంపమంది కాబట్టి టెంప్లేటు పంపింది. బ్రౌజరేమో ఇదేదో పేజీ రాతలే అనుకుని దాన్ని మింగేసి, శుభ్రంగా తుడిచిన పళ్ళెంలా గడిని ఖాళీగా చూపించింది. నీళ్ళు ఎంత మంచివైతే రిపోర్టు అంత ఖాళీ.

సరిచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఒక్క మాట తీసేసి, రిమార్కుల గడిని విడదీసింది. లెక్క చూస్తే పదకొండు రోజుల్లో రెండు వందల అరవై రిపోర్టులు ఖాళీ గళ్ళతో వెళ్ళాయి. ఒక పాఠశాలవాళ్ళు కుళాయిలు బిగించేశారు. మిగతావాళ్ళలో చాలామందికి గడి ఖాళీగా ఉందనే తెలియదు.

ఆమె డయాలసిస్ కేంద్రానికి కొత్త రిపోర్టు అచ్చువేసి, ఈమెయిలులో పంపగలిగి కూడా, బస్సెక్కి తనే తీసుకెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో అడిగితే చెప్పలేకపోయేది. హెడ్ నర్సు కాగితం తీసుకుని రెండు గళ్ళ మీదా వేలు పెట్టి చూసి, సంతకం చేసింది. తిట్టలేదు. లోపల వరసగా పన్నెండు కుర్చీలు, వాటి పక్కన ఆగిపోయిన మిషన్లు. ఒక్క కుర్చీలో మాత్రం ఒక పెద్దాయన చెప్పులు విప్పుకుని కూర్చున్నాడు.

"ఆయనకు కబురు అందలేదు. పొద్దున ఆరింటికి వచ్చారు. పక్క ఊరికి వెళ్ళే ఓపిక లేదన్నారు" అంది నర్సు. "మీ దగ్గర ఖాళీ గడి అంటే ఏమిటో నాకు తెలియదమ్మా. మా దగ్గర ఖాళీ గడి అంటే ఆపమని అర్థం."

పెద్దాయన ఆమె వైపు చూసి, "నీళ్ళు బాగున్నాయా?" అని అడిగాడు.

"బాగున్నాయండీ. మొదటి నుంచీ బాగానే ఉన్నాయి" అంది కందిరీగ. ఆ మాట బయటికి వచ్చాక ఆమెకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

మర్నాడు డైరెక్టరుగారి గదిలో సమావేశం. బావ ముందే వచ్చి మంచి కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఏయే నంబర్ల సీసాలు ఎప్పుడు వచ్చాయో చెప్పడానికి సీసాలావిడను రిజిస్టరుతో సహా పిలిపించారు. ఆవిడ తలుపు పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

కందిరీగ జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు తనదేనంది. డైరెక్టరు, "పాత సైటులో ఇలా ఎప్పుడూ జరగలేదే" అన్నాడు.

బావ ఇందుకోసమే పుట్టినట్టు గొంతు సవరించుకున్నాడు. "ఎలా జరుగుతుందండీ? నేను ఆనాడే మూడు లైన్లు పెట్టాను. వరస మార్చొద్దని హెచ్చరిక కూడా రాశాను, ఇదిగో అచ్చు చూడండి. భోజనాల గదిలో దాన్ని చదువుకుని నవ్వారు. నవ్విన నాపచేనే పండింది మరి."

కందిరీగకు ముఖం కాలినట్టైంది. ఇన్నేళ్ళూ ఏ మనిషిని పనికిరానివాడని లెక్కగట్టిందో ఆ మనిషి ఒక్క చోట, అదీ అసలైన చోట, ఒప్పుగా నిలబడ్డాడు. ఆ చేదు మింగడానికే ఆమె సిద్ధపడింది. అంతలో డైరెక్టరుగారు, నిజంగా తెలుసుకుందామనే, అడిగాడు.

"వరస ఎందుకు మార్చకూడదండీ? ముందు ఆ & గుర్తే ఎందుకు?"

బావ నోరు తెరిచాడు. "అది… అది పద్ధతండీ. అంతర్జాతీయంగా అలాగే చేస్తారు."

"కారణం ఏదో ఉండాలి కదా."

"కారణం అంటే, బ్రౌజరు వేగం పెరుగుతుంది."

కందిరీగ తలెత్తింది. లెక్కల పుస్తకంలో తప్పు లెక్క చేసిన మనిషి గొంతే అది. ఒక్క మాటలో కూడా తేడా లేని నమ్మకం. ఆ మూడు లైన్లు తిన్నగా, గీసినట్టు ఉండడం ఆమెకు గుర్తొచ్చింది. ఈయన చేత్తో ఒక్క లైను కూడా తిన్నగా ఉండదు.

"సార్, అవి మీరు రాయలేదు" అంది. ఆఫీసులో ఆమె బావను సార్ అనే పిలిచేది. "ఎవరు రాశారు?"

"నువ్వు నీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి…"

"నా తప్పు నాదే. నేను కప్పుకోలేదు. ఆ లైన్లు ఎవరివని అడుగుతున్నాను."

"నావి" అంది తలుపు పక్కన నిలబడ్డ సీసాలావిడ.

గదిలో అందరూ అటు తిరిగారు. ఆవిడ రిజిస్టరును పొట్టకు ఆనించి పట్టుకుని, కౌంటరు దగ్గర తెలియనివాళ్ళకు ఫారం నింపడం చెప్పే గొంతుతో చెప్పింది.

"< గుర్తును నేరుగా పంపితే బ్రౌజరు అది తన సొంత గుర్తు అనుకుని మింగేస్తుంది. అందుకని దాని బదులు & తో మొదలయ్యే మారుపేరు పంపాలి. ముందు < ను మార్చి, తర్వాత & ను మార్చామనుకోండి, మనం పెట్టిన మారుపేరులో ఉన్న & కూడా మారిపోతుంది. అప్పుడు జనానికి ఫలితం బదులు మారుపేరే అచ్చు పడుతుంది. మొదటిరోజు నేను ఆ తప్పు చేశాను. అందుకే రాసి పెట్టాను."

"మీరెలా చేశారు?" అన్నాడు డైరెక్టరు.

"ఎనిమిదేళ్ళ కిందట కూడా గళ్ళు ఖాళీగానే వచ్చేవి. జనం కాగితాలు తెచ్చి నా ముఖాన పెట్టేవారు. సారుకు మూడుసార్లు చెప్పాను. మీ బ్రౌజరు పాతది, కొత్తది వేయించుకోండి అన్నారు. సారు సెలవులో ఉన్నప్పుడు ఫైళ్ళు ఎక్కించే పని నాకే ఇచ్చేవారు, పాస్‌వర్డు నా దగ్గరే ఉండేది. ఒక పుస్తకం తెచ్చుకుని చదివాను. నెల పట్టింది. ఫలితాల గళ్ళ వరకే రాశాక సారుకు చెప్పాను. నేనే పెడదామనుకున్నాను అన్నారు."

బావ కిటికీ వైపు చూస్తున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆయన వాలకం.

"ఈసారి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు డైరెక్టరు.

"రెండు చీటీలు పంపాను. మొదటిదానికి జవాబు వచ్చింది." ఆవిడ రిజిస్టరులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది. వెనక కందిరీగ రాత. "అప్పుడు సారు అన్న మాటే. అక్షరం తేడా లేదు. రెండోదానికి జవాబు రాలేదు."

కందిరీగ ఆ చీటీని చూసింది. రెండోది ఎక్కడుందో తెలుసు. దాని మీద కాఫీ మరక గుండ్రంగా ఎండిపోయింది.

"రెండోది కూడా నాకు అందింది" అంది. "నంబర్లతో సహా. చూడలేదు."

సమావేశం అయిపోయాక ఆమె మెట్ల మీద సీసాలావిడను ఆపింది. క్షమించమని అడిగింది. భోజనాల గదిలో చదివినందుకు కూడా.

సీసాలావిడ ఒక మెట్టు కిందే నిలబడి, తల ఎత్తి, తాపీగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. చవక సరుకును చూసినట్టు చూసింది.

"మీకు సారంటే గిట్టదని ఆఫీసంతా అనుకుంటుంది. నాకైతే మీ ఇద్దరికీ తేడా కనబడదు. ఆయన రాసింది ఆయన చదవడు. మీరు ఎదుటివాళ్ళు రాసింది నవ్వడానికి చదువుతారు. ఏది ఎలా రాసినా, ప్రింటైనా టెంప్లేటైనా, చివరికి కాగితం పట్టుకుని నా ముందు నిలబడేది జనం. ఆ కాగితం మీ ఇద్దరిలో ఒక్కరైనా చేత్తో పట్టుకుని చూశారా?"

సీసాలావిడ జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి కౌంటరుకు వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం అక్క ఇంట్లో బావ ఈ కథనే ఇంకో రకంగా చెప్పడం మొదలుపెట్టాడు. కింది ఉద్యోగులకు కూడా అవకాశం ఇచ్చి పైకి తేవడం తన పద్ధతట. ఆ మూడు లైన్లు ఆవిడ చేత తనే రాయించాడట. కందిరీగ నోరు తెరవబోయింది. ఎప్పటిలా నాలుగు మాటలు నాలుక చివర తయారుగా ఉన్నాయి. కానీ వాటిలో రుచి లేదు. ఈయన్ను ఏమన్నా సగం తనకే తగులుతుంది.

అక్కే అంది, చేతిలో గరిటె దించకుండా. "ఇక చాలండి. పదమూడేళ్ళుగా మీరు చెప్పింది విన్నాను. ఈ ఒక్కటీ వినలేను." బావ ఏదో అనబోయి, పళ్ళెంలోకి చూసుకుని తిన్నాడు.

డైరెక్టరుగారు సీసాలావిడను పై అంతస్తుకు రమ్మన్నాడు. ఆవిడ రానంది. పైన కిటికీలున్నాయి గాని మనుషులు కనబడరంది. అయితే ఒక షరతు పెట్టింది. ఇకమీదట కొత్త పేజీ ఏది వచ్చినా ముందు కౌంటరు మీదికి రావాలి, తను సరే అన్నాకే జనంలోకి వెళ్ళాలి. డైరెక్టరు ఆ మాటను ఉత్తర్వుగా రాసి సంతకం చేశాడు. బావ దాని నకలు చూసి సలహా గది తలుపు వేసుకున్నాడు.

మూడు వారాల తర్వాత కందిరీగ రిమార్కుల పేజీని కొత్తగా రాసింది. కెమిస్టులు గుర్తులు కొట్టే పని లేకుండా, "ముఖ్యం" అని ఒక చిన్న డబ్బాలో టిక్కు పెడితే చాలు, మాట లావు అక్షరాల్లో, కింద ఎర్ర గీతతో పడుతుంది. అచ్చువేసుకుని కిందికి తీసుకెళ్ళింది. కౌంటరు ముందు ఏడుగురున్నారు. సీసాలావిడ ఆమెను చూసి కూడా పక్కకు రమ్మనలేదు. కందిరీగ వరసలో నిలబడింది. ముందున్న మనిషి చేతిలో సీసా మూత సరిగ్గా పట్టక నీళ్ళు కారుతున్నాయి. ఆమె చెప్పు తడిసింది.

తన వంతు వచ్చాక సీసాలావిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసింది. తన కంప్యూటర్లో పేజీ తెరిచింది. రిమార్కుల పెట్టెలో గుర్తులూ, కొటేషన్లూ, వెనక్కి వాలిన గీతలూ కలిపి పిచ్చి రాత ఒకటి కొట్టి పంపింది. ఉన్నదున్నట్టే కనబడింది. కందిరీగ ఊపిరి వదిలింది. ఆవిడ ఇంకోటి కొట్టింది, ఏమీ రాయకుండా టిక్కు మాత్రం పెట్టి. పేజీ మీద లావు అక్షరాల చోట ఏమీ లేదు, ఒక ఖాళీ ఎర్ర గీత పడింది.

"ఇదేమిటి?" అంది సీసాలావిడ.

"అది నాకు తట్టలేదు."

"కెమిస్టులకు రోజూ తడుతుంది. టిక్కు పెట్టి రాయడం మరిచిపోతారు. ఇది చూసినవాడు తన నీళ్ళలో ఏదో ఘోరం ఉందనుకుని పరిగెత్తుకొస్తాడు, నా దగ్గరికే." ఆవిడ కాగితం మీద అక్కడ పెన్సిలుతో గుండ్రం చుట్టి వెనక్కి ఇచ్చింది. "సరిచేసి తీసుకురండి. నాలుగింటి దాకా ఉంటాను. తర్వాతెవరు?"

కందిరీగ కాగితం తీసుకుని మెట్లెక్కింది. వెనక సీసా మూత బిగిస్తున్న చప్పుడు, ఊరు పేరు అడుగుతున్న సీసాలావిడ గొంతు వినబడ్డాయి. టైము మూడుంబావు.